ముప్పై ఒకటి అంటే ఎరుపు

కంప్యూటర్ తెరకు రంగులు చూపించడం వచ్చో రాదో ముందుగా కనుక్కోవడానికి నేను ఒకప్పుడు పదకొండు వరుసల స్క్రిప్టు రాశాను. స్క్రిప్టు అంటే పెద్ద విద్యేమీ కాదు, యంత్రం ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనుల చిట్టా. నా జీవితంలో ఒక్క తప్పు లేకుండా రాసిన పని ఏదైనా ఉందంటే అదే. దానివల్లే ఒక మనిషి ప్రాణం పోయింది. తప్పు లేని పనికి ప్రాణం ఎలా పోతుందని మీరు అడుగుతారు. నన్ను నేనూ అదే అడుగుతుంటాను.

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాట జోరుగా నడుస్తున్న రోజులవి. నాకు ఇరవై ఆరేళ్లు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ అప్పుడు ఒకే జిల్లా. మూడు ఊళ్లలోనూ చిన్న చిన్న దవాఖానలు నడిపే ఒక ధర్మసంస్థలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. చూసుకోవడమంటే, ఎవరో పెద్ద ఆఫీసులవాళ్లు వద్దనుకుని దానమిచ్చిన పాత పెట్టెలను బతిమాలి పని చేయించడం. నేను జనగామలో ఉండేవాణ్ని. మిగతా రెండు ఊళ్లకూ అవసరమైనప్పుడు బస్సెక్కి పోయేవాణ్ని.

ఆ దవాఖానల్లో అన్నింటికన్నా విలువైన సరుకు పాము కాటు మందు. మా వైపు పత్తి చేలల్లో కలుపు తీసే కాలం వచ్చిందంటే రక్తపింజర కాట్లు మొదలవుతాయి. పాము పేరు నోటితో అనరు మా వాళ్లు, 'పురుగు కరిసింది' అంటారు. మందు చిన్న సీసాల్లో వచ్చేది. ఒక మనిషికి మొదటి విడతలోనే పది సీసాలు ఎక్కించాలి. మాకు వచ్చే రకాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వేడికి రోజుల తరబడి ఉంటే దాని శక్తి పోతుంది. ఇందులో చిక్కు ఏమిటంటే, చెడిపోయిన సీసా, మంచి సీసా పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. రెండూ నీళ్లలాగే ఉంటాయి. అందుకని ఏ బ్యాచ్ ఎక్కడుంది, ఫ్రిజ్ ఎప్పుడు ఆగింది అన్న లెక్క మూడు ఊళ్ల నుంచీ కంప్యూటర్‌లోకి ఎక్కేది. నా స్క్రిప్టు ఆ లెక్క చూసి జాబితా తీసేది.

ఆ జాబితాకు రంగులు పెట్టాలన్న బుద్ధి నాదే. ఎవరూ అడగలేదు. వాడదగ్గ బ్యాచ్ ఆకుపచ్చగా, వాడకూడనిది ఎర్రగా కనిపించేలా చేశాను. రెండింటికీ వేరే గుర్తేమీ పెట్టలేదు. అదే వరుస, అవే అక్షరాలు, రంగు ఒక్కటే తేడా. జనగామలో కొత్త తెర ఉండేది. దాని మీద జాబితా పండుగ తోరణంలా మెరిసేది. డాక్టరుగారు చూసి మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయాను, అబద్ధమెందుకు.

తెరకు రంగు ఎలా చెబుతారో ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. అక్షరాల మధ్యలోనే ఒక రహస్య సంకేతం పంపుతాం. అందులో ముప్పై ఒకటి ఉంటే ఎరుపు, ముప్పై రెండు ఉంటే ఆకుపచ్చ. తెలిసిన తెర ఆ అంకెను మింగేసి రంగు మార్చుకుంటుంది, అంకె బయటికి కనిపించదు. తెలియని తెర మాత్రం ఆ అంకెను కూడా అక్షరమే అనుకుని అలాగే అచ్చేస్తుంది.

మహబూబాబాద్‌లో ఉన్నది తెలియని తెర. మానుకోట అంటారు మా వాళ్లు ఆ ఊరిని. అక్కడి తెర వయసులో నాకన్నా పెద్దదేమో. నల్లటి గాజు మీద పచ్చటి అక్షరాలు తప్ప మరో రంగు దాని పుట్టుకలో లేదు. దాని ముందు కూర్చునేది మందుల గది చూసే అక్క. నలభై దాటిన మనిషి, మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చిన లంబాడీ ఆమె. ఇంట్లో వాళ్ల భాష, దవాఖానలో మా భాష, సర్కారు కాగితాల మీద మరో భాష, మూడింటినీ మోస్తూ పన్నెండేళ్లుగా ఆ గదిలో పని చేస్తోంది. జాబితా మొదలుపెట్టిన వారంలోనే నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, గీ తెర మీద ప్రతి వరుసకు ముందల ముప్పై ఒకటి, ముప్పై రెండు అని పడ్తున్నయి. ఏంది గిది?"

"గదేం లేదక్కా, చెత్త. రంగు రాక పడ్తుంది. పట్టించుకోకు," అన్నాను.

"చెత్తనా?" అంది. "సరే తియ్" అని పెట్టేసింది.

ఆమె పట్టించుకుంది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గడువు దాటిన బ్యాచ్ ఒకటి ఆమె చేతిలో ఉంది, దాని ముందు ముప్పై ఒకటి. ఆ రోజే వచ్చిన కొత్త బ్యాచ్ ముందు ముప్పై రెండు. రెండు మూడు వారాలు అలా సరిపోల్చుకుని, ఎవరినీ అడగకుండా తనంతట తానే తేల్చుకుంది. ముప్పై ఒకటి ఉంటే ముట్టొద్దు, ముప్పై రెండు ఉంటే వాడొచ్చు. తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాసి కూడా పెట్టుకుంది. ఎనిమిది నెలలు ఆమె ఆ చెత్తనే చదివి మందులు తీసింది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. నేను చెత్త అని చెప్పిన తర్వాత ఇక నాకు చెప్పడానికి ఆమెకు మొహమాటం వేసి ఉంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, అక్కడ జరిగింది అదే.

ఆ ఏడు వానాకాలం చివర్లో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. భూపాలపల్లి వైపు బొగ్గు బావులు ఆగిపోయాయి. బొగ్గు లేక కరెంటు తగ్గిపోయింది. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు పోయేది, చెప్పకుండా పోయేది వేరే. ఎవరూ తిట్టుకోలేదు. మా వీధిలో విసనకర్రతో విసురుకుంటున్న ఒక అవ్వను "ఉక్కపోస్తలేదా?" అని అడిగితే "పొయ్యనియ్ బిడ్డా, రాష్ట్రమొస్తె గాలి గదే వస్తది" అంది. ఆ రోజుల్లో మేమందరం అలాగే ఉన్నాం. నేను పొద్దున దవాఖాన పని చూసుకుని, మధ్యాహ్నం దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ని.

ఆ శిబిరంలో కూర్చునే నేను ఆ పదకొండు వరుసలూ రాశాను. కరెంటు లేనప్పుడు చేసే పనేముంది, కాగితం, పెన్ను. మానుకోట తెర మీద పడుతున్న చెత్త నా కళ్లలో నలుసులా ఉండేది. ఎవరైనా చూస్తే నా పనితనం గురించి ఏమనుకుంటారు అన్నదే నా బాధ. తెరకు రంగులు వస్తేనే రంగులు పంపాలి, రాకపోతే శుభ్రంగా మామూలు అక్షరాలు పంపాలి. అది మూడు ఊళ్లలోని మూడు రకాల యంత్రాల మీదా ఒకేలా పని చేయాలి. చెప్పడానికి తేలిక. చేయబోతే తెలుస్తుంది.

మొదట చూడాల్సింది, మన మాట పోతున్నది తెరకేనా, లేక ఏదైనా ఫైలుకో ప్రింటరుకో పోతోందా అని. తెర కాకపోతే రంగు మాటే వద్దు. తెరే అయితే, అది ఏ రకం తెరో చెప్పే పేరు ఒకటి యంత్రం దగ్గర ఉంటుంది. ఆ పేరును నమ్మితే చాలనుకున్నాను మొదట. మానుకోటలో ఎవరో ఎప్పుడో ఆ ముసలి తెరకు కొత్త తెర పేరు పెట్టి పోయారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దాన్ని అక్కడి గుమాస్తా చేత ఫోన్లో వరుస వరుస చదివించి సరిచేయించాను. ఆ తర్వాత, ఈ పేరు గల తెరకు ఎన్ని రంగులు వస్తాయి అని అడిగితే అంకె చెప్పే కమాండ్ ఒకటి ఉంది. ఎనిమిది, అంతకన్నా ఎక్కువ అంటే రంగులు పంపొచ్చు. కానీ భూపాలపల్లి యంత్రంలో ఆ కమాండే లేదు. లేని కమాండును పిలిస్తే అది అరుస్తుంది. ఆ అరుపు తెర మీద పడకుండా ఆపి, జవాబు రాకపోతే రంగు లేనట్టే అనుకోమని రాశాను. భూపాలపల్లి తెర రంగుల తెరే గనుక, దానికి మాత్రం పేరు చూసి ఒప్పుకోమని ఒక వరుస చేర్చాను. మూడు రోజులు పట్టింది.

ఎదుటివాడు ఎవడో చూసుకుని తర్వాత నోరు తెరవడం నాకు కొత్త విద్య కాదు. చదువుకోవడానికి కోస్తా వైపు పోయినప్పుడు మొదటి వారంలోనే నేర్చుకున్నాను. నేను 'ఎట్ల' అంటే హాస్టల్ గదిలో పది మంది సినిమాలో జోకరు మాట విన్నట్టు నవ్వారు. అప్పటి నుంచి ఎవరి ముందు నా మాట మాట్లాడాలి, ఎవరి ముందు దాచుకోవాలి అని చూసి చూసి మాట్లాడేవాణ్ని. అనుమానం వస్తే మూగవాణ్నయ్యేవాణ్ని. స్క్రిప్టుకూ ఆ బుద్ధే నేర్పాను. అనుమానం వస్తే రంగు చెప్పకు, ఊరుకో. ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

ఒక పొద్దున కరెంటు ఉన్న గంటలో మూడు ఊళ్లకూ ఆ కొత్త స్క్రిప్టును నెట్టులో పంపాను. జనగామలో రంగులు వచ్చాయి. భూపాలపల్లిలో వచ్చాయి. మానుకోట తెర ఏం చూపిస్తుందో ఇక్కడి నుంచి పరీక్షించి చూశాను, కడిగిన పళ్లెంలా ఉంది, ఒక్క అంకె లేదు. అక్కకు ఫోన్ చేయలేదు. చెత్త ఊడ్చినందుకు ఎవరైనా చాటింపు వేస్తారా? పైగా ఆ రోజు జనగామలో వంటావార్పు, రోడ్డు మీదే వండుకుని తినే నిరసన. పొయ్యి రాళ్లు మోయడానికి నేను ఒప్పుకుని ఉన్నాను. చొక్కా మార్చుకుని పోయాను.

అక్కడ భూపాలపల్లిలో అంతకుముందు వారం ఇంకొకటి జరిగింది. రోడ్లు పూర్తిగా ఆగకముందే అక్కడి నుంచి ఇరవై సీసాల పాము మందును మానుకోటకు పంపారు, పత్తి చేలు ఎక్కువ అటువైపే గనుక. పంపిన తర్వాత తెలిసింది, ఆ సీసాలున్న ఫ్రిజ్ అంతకుముందు రోజుల తరబడి ఆగిపోయి ఉందని, లోపల పెట్టిన థర్మామీటర్‌ను ఎవరూ చూడలేదని. తెలిసిన వెంటనే అక్కడి కాంపౌండరు నిజాయితీగా కంప్యూటర్‌లో ఎక్కించాడు. ఎక్కించింది నేను స్క్రిప్టు పంపడానికి ముందు రోజు సాయంత్రం. లెక్క ప్రకారం ఆ బ్యాచ్ ఎర్రబడింది. జనగామ తెర మీద ఎర్రగానే ఉంది. నేను పరీక్షించేటప్పుడు రంగులు వస్తున్నాయా అని చూశాను తప్ప, ఏ వరుస ఎర్రగా ఉందో చదవలేదు.

ఆ పొద్దున నర్సింహులపేట వైపు పత్తి చేనులో కలుపు తీస్తున్న ఒక ఆడమనిషిని రక్తపింజర కరిచింది. మానుకోట మందుల గది అక్కకు సొంత తమ్ముడి భార్య ఆమె. ముప్పై ఏళ్లు కూడా లేవు. భర్త ఆమెను మోటారు బండి మీద వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలతో తన నడుముకు కట్టుకుని బయలుదేరాడు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ఎడ్లబండ్లు పెట్టి ఉన్నాయి. ఉద్యమకారులు అతన్ని చూసి రాళ్లు జరిపారు, ఒక చోట బండిని ఎత్తి దాటించారు. ఇంకొక చోట దారి లేక చుట్టు తిరిగి మట్టి బాట పట్టాడు. పదకొండు గంటలకు దవాఖాన చేరాడు. అక్కడి డాక్టరు గాజు గొట్టంలో ఆమె రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాడు. గడ్డకట్టలేదు. విషం ఎక్కిందన్నమాట. పది సీసాలు తెమ్మన్నాడు.

అక్క జాబితా తీసింది. రెండు బ్యాచ్‌లున్నాయి, ఒకటి పాతది, ఒకటి భూపాలపల్లి నుంచి వచ్చింది. దేని ముందూ అంకె లేదు. ఆమెకు అనుమానం వచ్చింది. నాకు ఫోన్ చేసింది. నేను రోడ్డు మీద పొయ్యిల మధ్య ఉన్నాను, డప్పులు మోగుతున్నాయి, ఫోన్ చొక్కా జేబులో ఉంది. మళ్లీ చేసింది. మూడోసారి చేసింది. భూపాలపల్లికి చేస్తే అక్కడ కరెంటు లేక ఫోన్ మూగబోయి ఉంది. లోపల మరదలు వాంతి చేసుకుంటోంది, చిగుళ్లలోంచి నెత్తురు వస్తోంది. డాక్టరు కేకేశాడు. ముప్పై ఒకటి లేదు కాబట్టి రెండూ మంచివే అనుకుంది అక్క. చెడ్డవాటిని నేను జాబితాలోంచే తీసేసి ఉంటాననుకుంది. నా మీద ఆమెకు అంత నమ్మకం. కొత్తగా వచ్చింది బలంగా ఉంటుందని భూపాలపల్లి సీసాలు పది తీసి, తన చేతులతో ఇచ్చింది.

నేను జేబులో ఫోన్ చూసుకున్నప్పుడు నాలుగున్నర. తిని, పాటలు పాడి, చెట్టు కింద కూర్చుని ఉన్నాను. మూడు పిలుపులు అందుకోలేదని ఫోన్ చెప్పింది. తిరిగి చేశాను.

"తమ్మీ, ముప్పై ఒకటి ఏడ పోయింది?" అంది అక్క. హలో కూడా అనలేదు.

"ఏం ముప్పై ఒకటక్కా?"

"తెర మీద పడుతుండె గదా. చెడ్డ మందుకు ముప్పై ఒకటి, మంచిదానికి ముప్పై రెండు. పొద్దుగాల సంది ఒక్కటి కనవడ్తలేదు. నువ్వేమన్న తీసినవా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తీశానని చెప్పాను. దవాఖానకు పరుగెత్తాను. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ తెరిచి జాబితా చూస్తే, భూపాలపల్లి బ్యాచ్ ఎర్రగా, నిప్పులా ఉంది. ఆ వరుస ఫోన్లో అక్కకు చదివి వినిపించాను. అప్పుడే రెండోసారి తీసిన రక్తం గాజు గొట్టంలో ఉందట, ఇరవై నిమిషాలు దాటినా నీళ్లలాగే ఉందట. ఆమె ఆ గొట్టం చూస్తూ నిలబడి నా మాట విన్నది.

"పాత బ్యాచ్ మంచిదేనా? ఆలోచించి చెప్పు," అంది.

"మంచిదే అక్కా. ఆకుపచ్చగ ఉంది."

"రంగు నాకు చెప్పకు. మంచిదా, కాదా?"

"మంచిది," అన్నాను.

పాత బ్యాచ్ పది సీసాలు ఎక్కించారు. రెండు గంటల్లో రక్తం గడ్డకట్టడం మొదలైంది. కానీ ఆ ఆరు గంటల్లో విషం చేయాల్సిన పని చేసేసింది. మూత్రం ఆగిపోయింది. మర్నాడు రాళ్లు జరుపుకుంటూ జీపులో వరంగల్ తీసుకుపోయారు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె చనిపోయింది. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి అప్పటికింకా పాలు మాన్పించలేదు.

మానుకోట డాక్టరుకు జరిగినదంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మిగిలిన చెడ్డ సీసాలు పగలగొట్టించి, భూపాలపల్లి ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ పెట్టించాడు. నేను స్క్రిప్టు విప్పి కూర్చున్నాను. తప్పు ఎక్కడుందా అని వరుస వరుసా వెతికాను. లేదు. తెరకు రంగులు రావని అది సరిగ్గానే కనుక్కుంది, రంగులు ఆపమన్నాను గనుక ఆపింది. రంగు మీద నేను మోపిన అర్థం రంగుతో పాటే పోతుందని దానికెలా తెలుస్తుంది? తెలియాల్సింది నాకు. ప్రతి బ్యాచ్ ముందూ రంగున్నా లేకున్నా కనపడేలా మాటే రాయించాను. మంచిదాని ముందు 'మంచిది', చెడ్డదాని ముందు 'వాడొద్దు'. ఆ ముసలి తెరకు తెలుగు అక్షరాలు రావు గనుక ఇంగ్లీషు అక్షరాలతో రాశాను. రెండే మాటలు. ఎనిమిది నెలల ముందు రాసి ఉంటే అరగంట పని.

పదకొండో రోజున తొర్రూరు మీదుగా బండి మీద తండాకు పోయాను. చనిపోయిన ఆమె భర్త కాళ్లు పట్టుకుని చెప్పేద్దామనే పోయాను. తప్పు నాది, మీ అక్కది కాదు, మీది కాదు అని చెబితే తప్ప నాకు అన్నం దిగేలా లేదు. తండా ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే అక్క ఎదురొచ్చింది. నేను వస్తానని ఊహించిందేమో. పత్తి చేను గట్టు మీద ఇద్దరం నిలబడ్డాం.

"చెప్పడానికి వచ్చినవా?" అంది.

అవునన్నాను.

"చెప్పకు."

"అక్కా, నేను చెప్పకుంటే..."

"నువ్వు చెప్తె నీ బరువు దిగుతది. తర్వాత ఏమైతదో ఎరుకేనా? దవాఖానల చెడిపోయిన మందు ఇస్తరని తండా తండాకు పోతది. రేపు పురుగు కరిస్తె ఒక్కడు రాడు. మల్ల మంత్రం ఏసెటోని కాడికే పోతరు. మా నాయిన గట్లనే పోయిండు. నేను పక్కన కూసొని చూసిన. ఈళ్లను దవాఖానకు తోల్కరానీకి నాకు పన్నెండేండ్లు పట్టింది తమ్మీ."

"మీ తమ్మునికి కూడ చెప్పొద్దా?"

ఆమె చీర కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది. "నా చేతితోనే ఇచ్చిన. నాకు లేదా బాధ?" అంది. "నేను ఊకుంటున్న. నువ్వు కూడ ఊకో."

నాకు ఆమె మాట కాదనే హక్కు ఉందనిపించలేదు. అది సరైనదో కాదో ఇన్నేళ్లయినా తేలలేదు.

ఇద్దరం కలిసి తండాకు పోయాం. అతను గుడిసె ముందు మంచం వాల్చి కూర్చోమన్నాడు. మనిషి సగమైపోయాడు. లోపలి నుంచి పెద్దపిల్ల నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. నేను తాగాను. ఏం మాట్లాడాలో తెలియక పత్తి ఎలా ఉందని అడిగాను.

"మీరు చేసేదంత చేసిన్రు సారూ," అన్నాడు. "ఇరవై సీసాలు ఎక్కించిన్రు. అక్క చెప్పింది. ఎవరు చేస్తరు గంత? నేనే లేటు చేసిన. రాళ్లున్న కాడ ఆగకుంట చెరువు కట్ట మీదికెళ్లి వస్తె ముప్పావు గంట కలిసొచ్చేది. నాకు అప్పుడు తోచలే. బతికేటి మనిషిని నేనే చంపుకున్న."

అక్క వాళ్ల భాషలో అతనితో ఏదో గట్టిగా అంది. అతను తల అడ్డంగా ఊపాడు. నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే చెప్పేస్తానని పళ్లు బిగించుకున్నాను. ముప్పావు గంట కాదయ్యా, ఆరు గంటలు, అవి నావి. ఈ మాట నాలుక మీదికి వచ్చి ఆగింది. అక్క నా వైపు చూడలేదు. జొన్న రొట్టె పెట్టారు. తిన్నాను. తినకపోతే తప్పు పడతారని తిన్నాను.

సమ్మె ఆగిపోయింది, బస్సులు తిరిగాయి. రాష్ట్రం ఆ ఏడు రాలేదు, తర్వాత వచ్చింది. వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకుంది. నా ముఖానికి ఎవరో గులాల్ పూశారు. సంతోషించాను, నిజంగానే. అయితే ఇప్పుడు చెప్పేది ఆ రోజు సంగతి కాదు, దానికి ముందు వానాకాలం సంగతి. మానుకోట దవాఖానకు కొత్త తెర వచ్చిందని, బిగించడానికి పోయాను. మందుల గదిలో నేల మీద కూర్చుని తీగలు కలుపుతున్నాను. బయట బండి ఆగిన చప్పుడయింది.

అక్క తమ్ముడే. వెనక ఒక ముసలాయనను తువ్వాలతో నడుముకు కట్టుకుని తెచ్చాడు, తండాలో పక్కింటి మనిషట, పొలంలో పురుగు కరిచిందట. అక్క కొత్త తెర కోసం ఆగలేదు. పాత తెర మీదే జాబితా తీసి, మంచిది అన్న మాట వేలు పెట్టి చదివి, పది సీసాలు పట్టుకుని పరుగెత్తింది. మందు ఎక్కించారు. ఆరు గంటల తర్వాత గాజు గొట్టంలో రక్తం గట్టిగా, నల్లగా గడ్డకట్టి ఉంది. డాక్టరు గొట్టాన్ని తలకిందులుగా పట్టుకుని చూపించాడు. ఒక్క చుక్క జారలేదు.

అప్పటిదాకా అతను వరండాలో గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ముసలాయన బతుకుతాడని డాక్టరు చెప్పాక లేచి వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. ప్యాంటుకు మోకాళ్ల దాకా బురద.

"చెరువు కట్ట మీదికెళ్లి వచ్చిన సారూ," అన్నాడు. "ఈసారి లేటు చేయలే."